డ్రమ్ముల కరీప్‌బెక్ కట్టించిన తలగుడ్డ

కరీప్‌బెక్ జొల్దోషెవిచ్ ఇసామాతోవ్‌ను ఉమ్సునాయ్ మొట్టమొదటిసారి చూసిన క్షణాన అతడు ఒక మనిషిని మెడ పట్టుకుని, కొచ్కోర్ సాంస్కృతిక భవనం మెట్ల మీదనుంచి మంచులోకి విసిరేస్తున్నాడు. ఆ విసురుకు ముందుగా ఆ మనిషి టోపీ వచ్చింది. తరువాత మనిషి వచ్చాడు. అతని వెనుక అతని గిటారు వచ్చింది. గిటారు మెడ విరిగింది. మనిషి మెడ విరగలేదు గాని, ముందుపన్ను ఒకటి ఊడి, ఉమ్సునాయ్ బూటు ఎదుట మంచులో ఎర్రని చిన్న గుంట చేసుకుని ఆగింది.

మెట్ల పైన నిలుచున్నవాడు భారీ మనిషి. ముక్కు వంకర. అంతటి చలిలోనూ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. అతడు ఉమ్సునాయ్‌ను ఎగాదిగా చూశాడు.

"పాడటానికొచ్చిన పిల్లవి నువ్వేనా?"

ఆమె తల ఊపింది.

"అయితే పైకి రా. చూసుకుని రా, ఆ పన్ను తొక్కేవు. వాడికి మళ్ళీ అవసరం పడొచ్చు."

కింద పడినవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచాడు. "నీ అంతు చూస్తాను కరీప్! మావాళ్ళు ఊరుకుంటారనుకున్నావా?"

"మీవాళ్ళని కూడా తీసుకురా. మెట్లు ఖాళీగానే ఉన్నాయి."

పన్ను పోగొట్టుకున్నవాని పేరు బొలోత్. ఆ ఉదయం దాకా అతడు 'కరగాయ్' బ్యాండులో గిటారు వాయించాడు. ఆ బ్యాండు లోయ పొడుగునా పెళ్ళిళ్ళలో వాయించేది. అంతకు ముందు వారం జుమ్‌గాల్‌లో ఒక పెళ్ళి ముగిసి అందరూ సామాను సర్దుకుంటూ ఉండగా, "ఆంప్లిఫయరు మా బంధువుల కారులో పెట్టాం, దారంతా గతుకులు, నువ్వు కాస్త ఒళ్ళో పట్టుకుని కూర్చో" అని బొలోత్ గాయని నాజిరాకు చెప్పాడు. ఆమె నమ్మి ఎక్కింది. ఆ కారు వ్యాను వెనుక రాలేదు. సాయంత్రానికి నాజిరా తలకు తెల్ల తలగుడ్డ పడింది. ఎత్తుకువచ్చిన పిల్ల తలకు ఆ గుడ్డ ఎవరి ఇంట కడితే ఆమె ఆ ఇంటి కోడలే. తిరిగి వచ్చిందా, ఆమె పుట్టింటివారు తల దించుకుని తిరగవలసిందే. నాజిరాకు ముందు పాడిన అమ్మాయి కూడా అలాగే పోయింది. కరగాయ్‌లో మగవాళ్ళు తమంతట తాము మారేవారు. ఆడపిల్లలను మాత్రం లోకం మార్చేది.

బ్యాండు నాయకుడు జాపర్ కొముజ్ వాయిస్తాడు. ఆ మూడు తంత్రుల వాయిద్యం కడుపులో పాత టెలిఫోను ముక్క అమర్చి, తాతలనాటి కొండపాటలు స్పీకర్లలో గర్జించేటట్టు చేసినవాడు అతడే. మూలన స్టూలు మీద కూర్చుని బేస్ గిటారు శ్రుతి చేసుకుంటున్న సన్ననివాడు ఎసెన్. కరీప్‌బెక్ డ్రమ్ముల వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. అవి అతడు స్వయంగా చేసుకున్నవి: పాలక్యాన్ల రేకు, దానిమీద బిగించిన గుర్రపుతోలు.

ఉమ్సునాయ్ మంద కాసేవాళ్ళ పాట ఒకటి అందుకుంది. మొదటి చరణం పూర్తి కాకముందే కరీప్‌బెక్ ఆపాడు.

"వినపడలేదు."

"మీరు కాస్త మెల్లగా వాయిస్తే..."

"నేను మెల్లగా వాయించను. నువ్వే గట్టిగా పాడు. తప్పిపోయిన గొర్రెని అవతలి కొండ మీంచి పిలుస్తావు చూడు, అలాగ."

"వాడి మాట పట్టించుకోకు చెల్లీ," అన్నాడు ఎసెన్. "వాడు డ్రమ్ములు వాయించడు, వాటితో దెబ్బలాడతాడు. ఇప్పటిదాకా అవే గెలిచాయి."

ఉమ్సునాయ్ అవతలి కొండను పిలిచినట్టే పాడింది. కరీప్‌బెక్ చేతిలోని కర్ర పెళుక్కున విరిగింది. అతడు విరిగిన ముక్కను చూసి, ఆమెను చూసి, "ఈ పిల్ల ఉంటుంది," అన్నాడు. జాపర్‌ను ఎవరూ అడగలేదు.

ఇంటికి వెళ్ళి చెబితే తల్లి పొయ్యి దగ్గరనుంచి లేవలేదు. ఆమె బజారులో రొట్టెలు అమ్మే విధవరాలు. ప్రతి మాటా తూచి వేస్తుంది.

"ఆ బ్యాండులో మగాళ్ళు తాగి పోతారు, ఆడపిల్లలు కార్లలో పోతారు. నువ్వు దేన్లో పోతావు?"

"నేను పోనమ్మా. పాడి, నా కాళ్ళ మీద నేను ఇంటికొస్తాను. ప్రతిసారీ."

"చూస్తాను," అన్నది తల్లి.

కరీప్‌బెక్ శీతకాలపు పచ్చికబయలులో పుట్టినవాడు. గుర్రాల మీద మేక కళేబరం కోసం కొట్లాడే కోక్‌బొరు ఆటలో తండ్రి గుర్రం కింద నలిగి చనిపోతే, తల్లి బాత్మా ఒక్కతే అతణ్ణి పెంచింది. అదే ఆటలో పెరిగి, అదే ఆటలో ముక్కు విరగ్గొట్టుకున్నాడు. సైన్యంలో, రష్యాలోని చీతా అనే ఊరి దగ్గర, బ్యాండుమేళంలో డ్రమ్ము నేర్చుకున్నాడు. తిరిగివచ్చి ట్రాక్టర్ల డిపోలో వెల్డింగు చేశాడు. సోవియట్ యూనియనుతో పాటు ఆ డిపో కూడా మూతపడింది. ఆ తరువాత అతనికి మిగిలినవి తల్లి, డ్రమ్ములు, పిడికిళ్ళు. మాట తోచనిచోట చెయ్యి లేచేది. మాట అతనికి తరచుగా తోచేది కాదు.

ఆ మరుసటి ఏటి వేసవిలో కరగాయ్ మళ్ళీ జుమ్‌గాల్ పెళ్ళికి వెళ్ళవలసి వచ్చింది. పులిసిన గుర్రపుపాల కిమిజ్ పాత్రలు తిరుగుతున్నాయి. మాంసం ఉడుకుతూ ఉంది. మధ్యాహ్నపు ఎండలో జనం గడ్డి మీద కూర్చుని ఉన్నారు. ఉమ్సునాయ్ రెండో పాట ఎత్తుకునేసరికి గుంపు వెనుక వరుసలో ఒక తెల్ల తలగుడ్డ కదిలింది. చంకలో బిడ్డ ఉన్న ఒక యువతి పెదవులు ఆ పాటలోని ప్రతి మాటతోనూ కదులుతున్నాయి. అది నాజిరా అని ఎసెన్ గుర్తుపట్టి కరీప్‌బెక్‌కు కళ్ళతో చూపించాడు. అదే సమయానికి ఆమె భర్త కూడా ఆ పెదవులను చూశాడు. చూసి, తిరిగి, బిడ్డ చంకలో ఉండగానే ఆమె చెంప పగలగొట్టాడు.

డ్రమ్ములు ఆగిపోయాయి. ఏమి జరుగుతున్నదో ఉమ్సునాయ్ తెలుసుకునేలోపు కరీప్‌బెక్ మాంసం పళ్ళాల మీదుగా, కూర్చున్న ముసలివాళ్ళ మీదుగా దూకి ఆ మనిషిని చేరుకున్నాడు. మొదటి దెబ్బకు దవడ పక్కకు జరిగిన చప్పుడు పాటగత్తె నిలుచున్న చోటికి వినిపించింది. రెండో దెబ్బకు అతడు నేలమీద ఉన్నాడు. తరువాతి దెబ్బలను ఉమ్సునాయ్ చూడలేదు, కళ్ళు మూసుకున్నది. నలుగురు పట్టి లాగితే గాని కరీప్‌బెక్ లేవలేదు. అతని పిడికిళ్ళు మణికట్టు దాకా తడిసి ఉన్నాయి.

అప్పుడు నాజిరా అతని ఎదుటికి వచ్చింది. చెంప మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి. కృతజ్ఞత చెబుతుందని అందరూ అనుకున్నారు.

"సంతోషంగా ఉందా అన్నా?" అన్నది ఆమె. "చెయ్యి తీట తీరిందా? నువ్వు కొట్టి మీ ఇంటికెళ్తావు. నేను వీడి ఇంటికెళ్తాను. ఆ దవడ బాగయ్యేదాకా వీడికి గంజి పొయ్యాల్సింది నేను. బాగయ్యాక తన్నులు తినాల్సిందీ నేనే."

తిరుగుదారిలో వ్యానులో కరీప్‌బెక్ తన చేతులను ఒళ్ళో పెట్టుకుని, అవి పరాయివాడివైనట్టు చూస్తూ కూర్చున్నాడు. అతణ్ణి చూస్తూ ఉమ్సునాయ్ ఒక సంగతి గ్రహించింది: తన కోసం అతడు ఎంతమందిని కొట్టినా, ఆ దెబ్బలు ఏదో ఒక రోజున తన మీదికే తిరిగివస్తాయి.

ఆకులు పండే రోజుల్లో ఆత్‌బాషీ నుంచి పెద్ద పెళ్ళికి పిలుపు వచ్చింది. అక్కడి కుర్రాళ్ళు కొందరు కొచ్కోర్ బజారుకు వచ్చి, పాటగత్తె ఎవరి పిల్ల అని, అన్నదమ్ములున్నారా అని, ఉమ్సునాయ్ తల్లి దగ్గరే రొట్టెలు కొంటూ ఆరా తీసి వెళ్ళారు. ఆ కబురు ఎసెన్ తెచ్చాడు.

"నలుగురున్నారు, రెండు కార్లున్నాయి," అన్నాడు. "ఈసారి ఆంప్లిఫయరు కథ కూడా అక్కర్లేదు."

"మానేద్దాం," అన్నాడు జాపర్, మానే ఉద్దేశం ఏమీ లేని గొంతుతో.

కొట్టకుండా కాపాడే ఉపాయం ఒకటి కరీప్‌బెక్‌కు ఆ రోజు మొదటిసారిగా తట్టింది. అదే అతడు చేసిన పెద్ద తప్పు.

"పెళ్ళైనదాన్ని ఎవడూ ఎత్తుకుపోడు. ఉమ్సునాయ్ తలకి తెల్లగుడ్డ కట్టుకుని పాడుతుంది. ఒక్కరోజు వేషం. తిరిగి రాగానే తీసేస్తుంది."

"తెల్లగుడ్డలో వేషమేంట్రా?" అన్నాడు ఎసెన్. "నెత్తిన టోపీ పెట్టుకున్నట్టా?"

"నువ్వు నోర్ముయ్. చెల్లీ, నీకిష్టమేనా?"

ఉమ్సునాయ్‌కు భయమూ ఉంది, పాడాలనీ ఉంది. సరేనన్నది. అయితే పెళ్ళైన స్త్రీలు కట్టే తీరులో ఆ గుడ్డ కట్టుకోవడం ఆమెకు చేతకాలేదు. మగవాళ్ళకు అసలే తెలియదు. బయలుదేరే ఉదయం కరీప్‌బెక్ వ్యానును తన ఇంటి ముందు ఆపించి తల్లిని పిలిచాడు.

"అమ్మా, ఈ పిల్లకి తలగుడ్డ కట్టు. ఒక్కరోజుకే. ఎవడూ ఎత్తుకుపోకుండా. ఉత్తుత్తిదే, తెలిసిందా?"

"తెలిసింది నాయనా, తెలియకేం," అన్నది బాత్మా.

ఆమె పెట్టె తెరిచి తన పెళ్ళినాటి తలగుడ్డ తీసింది. ఉమ్సునాయ్ జుట్టును ఒక్క వెంట్రుక కూడా జారకుండా వెనక్కి దువ్వి, నుదుటి మీద గుడ్డను చదును చేసి, మెడ వెనుక ముడి వేసి, ఆ ముడిని రెండు చేతులతో నొక్కి పట్టుకున్నది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన చేతులవి. పెదవులు ఏదో గొణిగాయి. ఉమ్సునాయ్ అది వినలేదు. వ్యాను హారను మోగుతూ ఉంది.

ఆత్‌బాషీలో ఉపాయం పారింది. ఆ నలుగురు కుర్రాళ్ళూ తలగుడ్డ చూసి మొహాలు వేలాడేసుకున్నారు. కాని పెళ్ళివారి పెద్దాయన ఒకరు కుతూహలం ఆపుకోలేక, పాటల మధ్య కేకవేసి అడిగాడు: "జాపర్, ఈ కోడలు ఎవరింటి కోడలయ్యా? బంగారు గొంతు!"

జాపర్ మైకు చేతిలో ఉంది. జనం వింటున్నారు. "మా డ్రమ్మరు కరీప్‌బెక్ ఇంటి కోడలు, తాతా!" అన్నాడు, దర్జాగా.

పెద్దాయన అరచేతులు తెరిచి పైకెత్తాడు. అతనితో పాటు ఆ పందిట్లో ఉన్న ముసలివాళ్ళందరూ, వారి వెనుక మిగిలినవారందరూ అరచేతులు పైకెత్తారు. ఇల్లు నిండాలని, ఒడి నిండాలని పెద్దాయన దీవించాడు. దీవెన ముగిసిన గుర్తుగా అందరూ ఒక్కసారిగా చేతులతో మొహాలు తుడుచుకున్నారు. పెద్దల దీవెనను వెనక్కి తీసుకునే ఉపాయం ఆ కొండల్లో ఎవరికీ తెలియదు. డ్రమ్ముల వెనుక కరీప్‌బెక్ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోవడం ఉమ్సునాయ్ చూసింది.

మరునాటి మధ్యాహ్నం వ్యాను కొచ్కోర్ చేరింది. కరీప్‌బెక్ వెనుకవైపు డ్రమ్ములు దించుతూ ఉండగా, తలగుడ్డ తిరిగి ఇచ్చేసి వద్దామని ఉమ్సునాయ్ ఒక్కతే ఇంట్లోకి వెళ్ళింది. లోపల వేయించిన పిండివంట వాసన. గది మూలన పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే తెర కట్టి ఉంది. చుట్టాల ఆడవాళ్ళు గోడల పొడుగునా కూర్చుని ఉన్నారు. ఆమె మెడ వెనుకకు చేతులు తీసుకుపోయేలోగా ఇద్దరు లేచి ఆ చేతులు పట్టుకున్నారు.

"కొత్తకోడలు తనంతట తను ముడి విప్పకూడదమ్మా," అన్నది ఒకామె, నవ్వుతూ, మణికట్టు మెలిపెడుతూ.

"పెద్దమ్మా, ఇది వేషం. మీకు తెలుసు," అన్నది ఉమ్సునాయ్ బాత్మాతో.

"కట్టింది నేను. కట్టించుకుంది నువ్వు. దీవించింది ఆత్‌బాషీ అంతా. నిన్ననే మీ అమ్మకి గొర్రెని పంపాను, కబురు చెప్పాను. ఇందులో వేషం ఎవరిది తల్లీ?"

ఉమ్సునాయ్ పెనుగులాడింది. ఒకామె ఆమె జడ పట్టి లాగింది. మరొకామె మోకాలితో నడుము మీద పొడిచి తెర వైపు నెట్టింది. ఉమ్సునాయ్ దొరికిన చేతినల్లా కొరికింది. పళ్ళెం ఎగిరింది, వేడి నూనె ఎవరి కాలి మీదో చింది కేక లేచింది. ఆ గందరగోళంలో ఆమె విడిపించుకుని వాకిలి వైపు పరుగెత్తింది. అప్పటికే బాత్మా గడపకు అడ్డంగా పడుకుని ఉంది.

"వెళ్ళు. ఎవరాపారు?" అన్నది, నేలమీదనుంచి, మెల్లగా. "నన్ను దాటి వెళ్ళు."

ఆడవాళ్ళందరూ చేతులు వదిలేశారు. ఇక పట్టుకోవలసిన పని లేదు. గడపలో పడుకున్న ముసలిదాన్ని దాటిన పిల్ల ఒడి పండదని, పండినా నిలవదని ఆ గదిలో అందరికీ తెలుసు, ఉమ్సునాయ్‌కూ తెలుసు. ఆమె పాదం లేచింది, గాలిలో ఆగింది, దిగింది.

అదే సమయంలో వాకిట్లో గుర్రపుడెక్కలు మోగాయి. తోన్ నుంచి ఆమె పెదనాన్న సాదిర్, అతని తమ్ముళ్ళు, కొడుకులు దిగారు. తమను అడగకుండా తమ పిల్లకు తలగుడ్డ కట్టారన్న కబురు వాళ్ళకు ఆ ఉదయం అందింది. చేతుల్లో కొరడాలున్నాయి, సాదిర్ కొరడా కొసన తోడేళ్ళ కోసం పొదిగిన సీసం ఉంది. వాళ్ళు ముందుగా కంచె విరిచారు, తరువాత కుక్కను కొట్టారు, ఆపైన డ్రమ్ము మోసుకువస్తున్న ఎసెన్‌ను ఆ డ్రమ్ముతో సహా పడగొట్టారు.

"ఎక్కడ్రా మా పిల్లని దాచినవాడు?"

కరీప్‌బెక్ మూల తిరిగి వచ్చాడు. వాకిట్లో కొరడాలు చూశాడు. గడపలో తల్లిని చూశాడు. తల్లి వెనుక, తన ఇంట్లో, తలగుడ్డ ఇంకా తలమీదనే ఉన్న ఉమ్సునాయ్‌ను చూశాడు. అతని పిడికిళ్ళు వాటంతట అవే బిగిశాయి. ఆ బిగిసిన పిడికిళ్ళ వైపు ఒకసారి చూసుకుని, వాటిని విప్పాడు. సాదిర్‌కు వీపు చూపించి, ఇంటి వైపు నడిచి, గడప దగ్గర వంగి, తన తల్లిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులమీదికి ఎత్తుకున్నాడు.

"దించరా! దించు, పాపిష్ఠివాడా! నీకిచ్చి నా పాలు పాడుచేసుకున్నాను కదరా!" బాత్మా కాలి రబ్బరుజోడు తీసి అతని నోటిమీద, చెవిమీద, నెత్తిమీద కొట్టింది. జుట్టు పెరికింది. భుజం కొరికింది. అతడు ఆమెను ఇంకాస్త గట్టిగా పొదువుకున్నాడు.

"దాటు," అన్నాడు ఉమ్సునాయ్‌తో. "గడప ఖాళీగా ఉంది."

అతడు ఆ మాట అని ఇటు తిరిగేసరికి సాదిర్ కొరడా వచ్చింది. సీసం అతని ఎడమ కంటిమీద పడింది. కరీప్‌బెక్ తూలాడు గాని పడలేదు. పడితే తల్లి పడుతుంది. రెండో దెబ్బ, మూడో దెబ్బ వీపున పడ్డాయి. జుమ్‌గాల్‌లో నలుగురు పట్టి లాగితే గాని ఆగని మనిషి చేతులు ఆనాడు ఖాళీగా లేవు. రక్తం అతని గడ్డం మీదనుంచి తల్లి తలమీదికి కారింది. కొట్టడం ఆపకుండానే ఆమె ఒక్కసారి పైకి చూసింది. రబ్బరుజోడు చేతిలోనే ఆగిపోయింది.

ఉమ్సునాయ్ గడప దాటింది. సాదిర్ ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"గుర్రం ఎక్కు."

"నడిచి వెళ్తాను పెదనాన్నా."

"ఎక్కమంటుంటే!"

"నన్ను అడక్కుండా వీళ్ళు నన్నిక్కడ ఉంచబోయారు. ఇప్పుడు నన్ను అడక్కుండానే తీసుకుపోతారా? తేడా ఏముంది మీకూ వాళ్ళకీ? కొట్టాలనుంటే కొట్టండి. నేను మాత్రం నా కాళ్ళమీదే ఇంటికెళ్తాను."

సాదిర్ కొరడా వైపు చూసుకున్నాడు. దాని కొసనుంచి చుక్కలు పడుతున్నాయి. అతడు జబ్బ వదిలాడు. ఆమె బజారు మీదుగా నడిచి వెళ్ళింది. తల్లి దుకాణం దగ్గర నిలబడి ఆమె తల వంక చూసిన తరువాత గాని, ఆ గుడ్డ ఇంకా తనమీదనే ఉన్నదని ఉమ్సునాయ్‌కు తెలియలేదు. తిరిగి ఇవ్వాలంటే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాలి. ఆమె దాన్ని మడిచి పెట్టె అడుగున పెట్టింది.

కరీప్‌బెక్‌కు ఎడమ కన్ను దక్కలేదు. తల్లి అతనితో మాటలు మానింది. కంటికి గుడ్డ కట్టుకుని అతడు మళ్ళీ రిహార్సలుకు వచ్చిన రోజున సాంస్కృతిక భవనం వాకిట్లో ఒక కొత్త అమ్మాయి నిలుచుని ఉంది. నరీన్ ఊరి పిల్ల; చేతులు నలుపుకుంటూ ఉంది. ఉమ్సునాయ్ అప్పటికే లోపల ఉంది.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు జాపర్, ఎవరి మొహమూ చూడకుండా. "కోడలై పారిపోయొచ్చిందన్న పేరు పడ్డాక, దీని చేత పెళ్ళిపందిట్లో ఎవరు పాడిస్తారు? శకునం చూడరూ? మూడు పెళ్ళిళ్ళవాళ్ళు వద్దని కబురు పెట్టారు."

"మైకులో ఆ కూత కూసింది నువ్వు," అన్నాడు కరీప్‌బెక్.

"వేషం కట్టించింది నువ్వు!"

కరీప్‌బెక్ అతని కాలరు పట్టుకుని వాకిలి దాకా ఈడ్చాడు. జాపర్ తల తలుపుచెక్కకు తగిలి నుదురు చిట్లింది. ఇంకొక్క అడుగు వేస్తే మెట్లు. కొత్త అమ్మాయి గోడకు అతుక్కుపోయి కెవ్వున అరిచింది.

"వదలండన్నా," అన్నది ఉమ్సునాయ్.

"నువ్వు పక్కకి తప్పుకో."

"వదలండి. ఈయన్ని మీరు కొడితే నేనిక్కడ పాడేది మీ చేతుల చలవతో అవుతుంది. నాజిరా అన్న మాట మరిచిపోయారా? నేను మీ ఇంటినుంచి ఊరికే రాలేదు. మీ కన్ను ఇచ్చి వచ్చాను. దాన్ని పారెయ్యకండి."

చాలాసేపటికి ఆ పిడికిలి విడిపోయింది. జాపర్ తలుపు పక్కన కూలబడి నుదురు తుడుచుకున్నాడు. ఉమ్సునాయ్ అతని ఎదుట నిలబడింది.

"కొముజ్ మీది. బ్యాండు పేరు మీది. గొంతు మాత్రం నాది. తీసుకుపోతున్నాను." తరువాత ఆమె కొత్త అమ్మాయి దగ్గర ఆగి, మెల్లగా, "చెల్లీ, సామాను ఏ కారులో ఉన్నా సరే, నువ్వు మాత్రం వ్యానులోనే కూర్చో," అని, మెట్లు దిగింది.

కరీప్‌బెక్ డ్రమ్ముల మరలు విప్పుకుని, ఒక్కొక్కటే మోసుకుంటూ దిగాడు. కొంతసేపటికి ఎసెన్ కూడా దిగాడు. "నన్నెవరూ తొయ్యలేదు, గమనించండి," అన్నాడు.

ఆ ముగ్గురూ తమ కొత్త బ్యాండుకు 'మెట్లు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. పెళ్ళిళ్ళవాళ్ళు పిలవలేదు. గుర్రాలు ఢీకొనే కోక్‌బొరు మైదానాల్లో, పశువుల సంతల్లో, తాగినవాళ్ళు సీసాలు విసిరే బజారు చివర వాయించారు. ఒకసారి ఆ సీసా తగిలి ఉమ్సునాయ్ కనుబొమ మీద కుట్లు పడ్డాయి. కరీప్‌బెక్ లేవబోయి, ఆమె వైపు చూసి, మళ్ళీ కూర్చుని, ఆ పాట అయిపోయేలోగా రెండు కర్రలు విరగ్గొట్టాడు. తరువాత ఎసెన్ రష్యాకు లారీలు తోలడానికి వెళ్ళాడు. అతని చోటుకు ఒకడు వచ్చాడు, వాడూ పోయాడు. చివరికి నడుంనొప్పితో ఎసెన్ తిరిగివచ్చాడు. కొముజ్ ఉమ్సునాయ్ తానే నేర్చుకున్నది. తనను అడిగి, ఆలోచించుకోవడానికి ఒక చలికాలమంతా గడువు ఇచ్చిన ఒక పశువైద్యుణ్ణి ఆమె పెళ్ళి చేసుకున్నది.

బాత్మా కాళ్ళు పడిపోయిన తరువాత కొడుకు ఆమెను రోజూ ఎత్తి ఎండలో కూర్చోబెట్టేవాడు. మాట్లాడేది కాదు. ఎత్తినప్పుడల్లా అతని భుజం కొరికేది. మొదట్లో కోపంతో, చివరి రోజుల్లో అలవాటుగా. ఆమె పోయిననాడు ఆ పంటిగాట్లు మానకుండా ఉండాలని అతడు కోరుకున్నాడని ఎసెన్ చెప్పేవాడు.

కరీప్‌బెక్ ముసలివాడు కాకముందే వెల్డింగు పొగ అతని ఊపిరితిత్తులను తినేసింది. ఆసుపత్రికి రానన్నాడు. కబురు అందిన ఉదయం ఉమ్సునాయ్ ఆ ఇంటి గడప ముందు నిలబడి, ఒక్క క్షణం ఆగింది.

"దాటు," అన్న గొంతు లోపలినుంచి వినిపించింది, దగ్గు మధ్య. "ఖాళీగానే ఉంది."

అతని ఛాతీ తిత్తిలా ఎగిసిపడుతూ ఉంది. మంచం పక్కన ఒకే ఒక డ్రమ్ము ఉంది. పైన మందుసీసాలు పెట్టుకున్నాడు. ఆమె కూర్చున్నది. బయట బంధువులు శవాన్ని పెట్టవలసిన యుర్త్ గుడారం కర్రలను అప్పుడే తెచ్చి దించుతున్నారు. ఆ చప్పుడు అతనికీ వినిపిస్తూనే ఉంది.

"తొందరపడుతున్నారు వెధవలు," అన్నాడు. "లేచి తందామంటే ఊపిరి లేదు. ఉమ్సునాయ్, రేపు వీళ్ళు నిన్ను పెళ్ళాం కూర్చునే చోట కూర్చుని ఏడవమంటారు. అమ్మ గుడ్డ కట్టించుకున్నావంటారు. కూర్చోకు."

"కూర్చోను."

"ఆ గుడ్డ నీ దగ్గరే ఉంది కదూ?"

"పెట్టెలో ఉంది. తేవాలనే అనుకున్నాను, ఏళ్ళబట్టీ."

అతడు ఒంటికంటితో ఆమెను చూశాడు. చావుకు వచ్చిన ఆడవాళ్ళకు గుడ్డ చింపి తలో ముక్కా పంచడం వాళ్ళ కొండల్లో పండుముసలివాళ్ళకు చేసే మర్యాద. తనకంత వయసు లేదని అతనికి తెలుసు. దగ్గు ఆగేదాకా ఆగి, ఆమె చెయ్యి వెతికి పట్టుకుని అడిగాడు.

"రేపు దాన్ని తీసుకురా. అందరి ముందూ నిలబడి, నువ్వే చింపు. మెల్లగా కాదు, గట్టిగా. అవతలి కొండకి వినపడాలి. వచ్చిన ప్రతి ఆడదానికీ ఒక ముక్క ఇవ్వు. నాజిరా వస్తే దానికి ముందివ్వు. నువ్వు మాత్రం ఒక్క పోగు కూడా ఉంచుకోకు."